పుట్టిన తేదీకి మూడు గళ్లు: డిజైన్ సిస్టమ్ అంటే ఏమిటి?

మన హాస్టల్‌లో చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. సెలవుల్లో ఇటు వచ్చినప్పుడు తమ్ముళ్లు, చెల్లెళ్లు "అన్నా, డిజైన్ సిస్టమ్ అంటే బటన్లకు రంగులు వేయడమేనా?" అని అడుగుతుంటారు. రెండు మాటల్లో తేలే జవాబు కాదు కాబట్టి ఈ వార్షికోత్సవ సంచికలో కొంత చోటు అడిగి తీసుకున్నాం. స్కాలర్‌షిప్పు నుంచి హాల్‌టికెట్టు దాకా అన్నీ ఫోన్‌లోనో నెట్ సెంటర్‌లోనో నింపే మనకు ఈ సంగతి ఉద్యోగం రాకముందే అవసరం.

ముందు సమస్య చూద్దాం. ఒక సంస్థలో ఆరు టీములు ఉన్నాయనుకోండి. ఒక్కో టీము ఒక్కో సేవను తయారు చేస్తుంది. అన్నిటికీ పుట్టిన తేదీ కావాలి. ఒక టీము క్యాలెండరు పెడుతుంది. పదిహేడేళ్ల పిల్ల నెల నెలా వెనక్కి వెళ్లి తన పుట్టిన నెల చేరాలంటే బాణం గుర్తును రెండు వందల సార్లకు పైగా నొక్కాలి. ఇంకో టీము ఒకే గడి ఇచ్చి, రోజు ముందా నెల ముందా చెప్పదు. 05-06 అని కొడితే జూన్ అయిదా, మే ఆరా? ఆరు టీములూ ఆరుసార్లు ఆలోచించి, ఆరుసార్లు కోడ్ రాస్తాయి. ఎవరైనా నిజమైన మనుషుల చేత నింపించి చూశారా అంటే, చాలాసార్లు చూసి ఉండరు. టీములకు పోయేది పనిగంటలు. నింపే పిల్లకు పోయేది ఆ సంవత్సరం స్కాలర్‌షిప్పు కావచ్చు.

ఇలాంటి నిర్ణయాన్ని ఒక్కసారి శ్రద్ధగా తీసుకుని, పరీక్షించి, అందరూ వాడుకునేలా ఒకచోట ఉంచే ఏర్పాటే డిజైన్ సిస్టమ్. అందులో తయారుగా ఉన్న భాగాలుంటాయి, వాటి కోడ్ ఉంటుంది, ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో రాసి ఉంటుంది. ఎందుకు అలా నిర్ణయించారో కూడా ఉంటుంది. మా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఈ చివరిదే. కారణం తెలియని నియమాన్ని కొత్తగా వచ్చినవాడు మొదటి నెలలోనే మార్చేస్తాడు.

ట్విట్టర్ నుంచి 2011లో బూట్‌స్ట్రాప్, గూగుల్ నుంచి 2014లో మెటీరియల్ డిజైన్ వచ్చాయి. పెద్ద కంపెనీలన్నిటికీ ఇప్పుడు ఇలాంటివి ఉన్నాయి. అయితే అర్థం చేసుకోవడానికి మేము బ్రిటన్ ప్రభుత్వం చేసిన పనిని ఎంచుకుంటున్నాం. అది పూర్తిగా బయటకు కనిపిస్తుంది. పైగా దాన్ని వాడేవాళ్లు మనలాంటివాళ్లే: పింఛను, లైసెన్సు, సాయం కోసం దరఖాస్తు పెట్టుకునేవాళ్లు.

బ్రిటన్‌లో ఒక్కో శాఖకు ఒక్కో వెబ్‌సైటు, ఒక్కో తీరు ఉండేది. 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే విభాగాన్ని ఏర్పాటు చేశారు. 2012 అక్టోబరు 17న జీఓవీ.యూకే అనే ఒకే చోటు మొదలైంది. తర్వాతి రెండేళ్లలో 300కు పైగా సంస్థల సైట్లు అందులోకి వచ్చి చేరాయి. 2013లో లండన్ డిజైన్ మ్యూజియం ఆ సంవత్సరపు ఉత్తమ డిజైన్ బహుమతిని దానికే ఇచ్చింది. బొమ్మలు, మెరుపులు లేని సైటు అది. తెల్లని పేజీ మీద నల్లని అక్షరాలు, అంతే. ఆ అక్షరాల మూలం కూడా ఆసక్తికరమైనదే. జాక్ కినీర్, మార్గరెట్ కాల్వర్ట్ అనే ఇద్దరు బ్రిటన్ రోడ్డు బోర్డుల కోసం రూపొందించిన ట్రాన్స్‌పోర్ట్ అక్షరాల నుంచి వచ్చినవవి. 1965 నుంచి దేశమంతా అవే బోర్డులు. వేగంగా పోయే కారులోంచి చదవగలిగేలా చేసిన అక్షరం ఫోన్ తెర మీదికి ఎక్కింది. దేశం మొత్తానికి ఒకే తీరు బోర్డు ఉండాలన్న ఆ పని కూడా ఒక డిజైన్ సిస్టమే. పేరు మాత్రం అప్పటికి లేదు.

అప్పటిదాకా విడివిడిగా ఉన్న భాగాలను, మార్గదర్శకాలను కలిపి 2018లో జీఓవీ.యూకే డిజైన్ సిస్టమ్ పేరిట అందరికీ తెరిచారు. అందులో పుట్టిన తేదీ సంగతి ఎలా తేల్చారో చూడండి. మనిషికి కంఠతా వచ్చిన తేదీ అయితే క్యాలెండరు వద్దు. రోజు, నెల, సంవత్సరం అని మూడు చిన్న గళ్లు ఇచ్చి, పైన ఒక ఉదాహరణ చూపిస్తే చాలు. తప్పు జరిగితే "తేదీ సరిగా లేదు" అని ఊరుకోకూడదు, "సంవత్సరం వేయలేదు" అని ఏది తక్కువైందో చెప్పాలి. ఆ మాట పేజీ పైన ఒకసారి, గడి పక్కన ఒకసారి కనిపించాలి. గడి లోపల లేత రంగులో సూచన రాయవద్దు, టైపు చేయగానే అది మాయమవుతుంది.

ఇంకొక ఉదాహరణ మాకు మరీ ఇష్టం. వెబ్ పేజీలో అంకెల కోసమే ఒక ప్రత్యేకమైన గడి రకం ఉంది. అంకెలు కావాలంటే అంకెల గడి పెట్టాలి, ఇందులో ఆలోచించేదేముంది అనిపిస్తుంది. కానీ ఆ గడిలో కర్సర్ ఉండగా పేజీని జరుపుదామని మౌస్ చక్రం తిప్పితే, కొన్ని బ్రౌజర్లలో లోపలి అంకె దానంతటదే మారిపోతుంది. బ్యాంకు ఖాతా నంబరులో చివరి అంకె అలా మారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చూపులేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తోనూ ఆ గడికి చిక్కులు వచ్చాయి. 2020లో ఆ టీము దాన్ని వదిలేసి, మామూలు గడినే ఉంచి, ఫోన్‌లో మాత్రం అంకెల కీబోర్డు తెరుచుకునేలా మార్చింది. కారణమూ బయటపెట్టింది. ఒకచోట పట్టుకున్న లోపం వందల సేవలకు పనికొచ్చింది. విడివిడిగా ఉంటే ఎన్ని టీములు ఎన్నేళ్లకు కనుక్కునేవో.

ఇక ప్రాసెస్ సంగతి. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. హాస్టల్ గోడకు మెనూ అంటించినంత మాత్రాన కూర మారదు కదా! సరుకు ఎవరు తూచి ఇస్తారు, తేడా వస్తే మెస్ కమిటీలో ఎవరికి చెప్పాలి అన్నది తేలితేనే మెనూకు విలువ. కంపెనీల్లో మేము చూస్తున్నది కూడా అదే. నలుగురు డిజైనర్లు మూడు నెలలు కూర్చుని ఫిగ్మాలో అందమైన భాగాలు గీస్తారు, సమావేశంలో చప్పట్లు పడతాయి, ఏడాది తిరిగేసరికి ఎవరూ వాడరు. గీసినదానికీ కోడ్‌కూ పొత్తు కుదరదు. "మాకు ఇంకో రకం గడి కావాలి" అని ఒక టీము అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండడు. అడిగి అడిగి విసిగి వాళ్లు సొంతంగా చేసుకుంటారు. మళ్లీ ఆరు రకాలు.

బ్రిటన్‌వాళ్లు అడగడానికి దారి పెట్టారు. ఏ శాఖవారైనా కొత్త భాగాన్ని ప్రతిపాదించవచ్చు. అది నలుగురికీ పనికొస్తుందా, ఉన్నదాన్నే మళ్లీ చేస్తున్నామా అని ముందు చూస్తారు. ప్రచురించే ముందు మాత్రం గట్టిగా నిలదీస్తారు: వికలాంగులతో సహా నిజమైన మనుషులతో పరీక్షించారా, మిగతా భాగాలతో కలుస్తుందా, వేరే సేవల్లోనూ ఇముడుతుందా? ఈ తీర్పు ఒక్క టీముది కాదు, వేర్వేరు శాఖల నుంచి వచ్చిన ప్రతినిధుల బృందానిది. చర్చ అంతా బయటే, ఎవరైనా చదవవచ్చు. మార్పు వచ్చిన ప్రతిసారీ కొత్త కూర్పు సంఖ్యతో విడుదల చేసి, పాతది వాడేవాళ్లు ఏం మార్చుకోవాలో రాస్తారు. 2025 జూన్‌లో జీఓవీ.యూకే గుర్తు, పైపట్టీ రూపం మారినప్పుడు ఈ ఏర్పాటే ఆదుకుంది.

ఇంతవరకూ చెప్పిందంతా ఇంగ్లీషు భాషది. మన దగ్గరికి వస్తే ఇంకో పెద్ద చిక్కు ఉంది: పేరు. మెమోలో మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత ఉంటుంది. దరఖాస్తులో "ఫస్ట్ నేమ్" అని అడిగితే, మొదట ఉన్నది ఇంటిపేరే కాబట్టి పిల్లలు అదే రాస్తారు. ఇంకో దరఖాస్తులో ఎవరో సరిచేసి మరోలా రాస్తారు. కొందరికి ఇంటిపేరు ఒక్క అక్షరం, దాన్ని "పేరు చాలా చిన్నది" అని కొన్ని గళ్లు ఒప్పుకోవు. తర్వాత ఆధార్‌కూ మెమోకూ బ్యాంకు పుస్తకానికీ పొంతన కుదరక తిరగాల్సింది మనమే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే "మొదటి పేరు తెలియదు" అని. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి కూర్చుంటుంది. బ్రిటన్ డిజైన్ సిస్టమ్ సలహా ఏమిటంటే, వీలైనంతవరకు పూర్తి పేరుకు ఒకే గడి ఇవ్వాలని, విడగొట్టక తప్పని అవసరం ఉంటేనే విడగొట్టాలని. తెలుగువాళ్లను చూసి రాసినట్టే ఉంటుంది!

రెండోది మన లిపి. ఇంగ్లీషు అక్షరాన్ని చూసి వరుసల మధ్య ఎడం నిర్ణయిస్తే "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటల్లో వత్తులు కింది వరుస మీద పడతాయి, లేదా గడి అంచు దగ్గర తెగిపోతాయి. "సేవ్" పట్టిన బటన్‌లో "భద్రపరచండి" పట్టదు. కాబట్టి తెలుగులో సేవ ఇచ్చే ఏ టీమైనా ఎడం, వెడల్పు, అక్షరాల పరిమాణం తెలుగు మాటలతోనే కొలిచి రాసుకోవాలి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. కాగితం ఉంది. పాటించే చేతులు కావాలి.

చిన్న టీములో పనిచేసే మన పూర్వ విద్యార్థులకు ఒక మాట. పెద్దగా మొదలుపెట్టవద్దు. మీ ప్రొడక్టులోని తెరలన్నీ ఫోటోలు తీసి ఒకచోట పరవండి. ఒకే పనికి ఎన్ని రకాల బటన్లు, ఎన్ని రకాల తేదీ గళ్లు ఉన్నాయో లెక్కపెట్టి మేనేజరుకు చూపించండి. ఆ లెక్క చూస్తే వాదన అక్కరలేదు. ఎక్కువగా వాడే అయిదారు భాగాలతో ఆపండి. రంగుకు "ఎరుపు" అని కాకుండా "తప్పు తెలిపే రంగు" అని, చేసే పనిని బట్టి పేరు పెట్టండి. రేపు ఎరుపు మారినా పేరు మారదు. అక్షరానికీ వెనుక రంగుకూ తేడా అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి. ఎండలో నిలబడి ఫోన్ చూసేవాడికి ఇది తెలుస్తుంది. బాధ్యుడిగా ఒకరి పేరు రాయండి. వారానికి ఒక గంటయినా ఆ మనిషికి ఈ పని కోసమే వదలాలి.

డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు జీఓవీ.యూకే డిజైన్ సిస్టమ్‌ను ఫోన్‌లోనే తెరిచి చూడవచ్చు, డబ్బు కట్టక్కరలేదు, కోడ్ కూడా ఉచితమే. తేదీ పేజీతో మొదలుపెట్టి పేరు పేజీ చదవండి. తర్వాత మీరు ఈమధ్య నింపిన ఏదైనా దరఖాస్తును పక్కన పెట్టుకుని, ఏ గడి దగ్గర ఆగిపోయారో రాసి చూడండి. ఆ కాగితాలు మాకు పంపితే తెలుగు పేర్ల గడి ఎలా ఉండాలో మనమే ఒక నమూనా తయారుచేసి, వచ్చే సంచికలో వేద్దాం.