భూకంపం వస్తే పాత అణు రియాక్టర్ ఎలా తట్టుకుంటుంది?

భూకంపం వంటి హఠాత్తు తాకిడిని అణు విద్యుత్ కేంద్రం తట్టుకోగలదా అన్నది గోడల మందాన్ని బట్టే తేలదు. లోపలి లోహానికి ఎంత వయసు మీరిందన్నదీ చూడాలి. కాంక్రీటు గుమ్మటాన్ని చూసి ధైర్యపడటం తొందరపాటే. సికింద్రాబాద్ చేరువలో 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే పీడన గొట్టాలే ఇందుకు ఉదాహరణ.

భారజల రియాక్టర్లలో, అంటే హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన రూపమైన డ్యుటీరియం గల నీటిని వాడే రియాక్టర్లలో, యురేనియం ఇంధనం ఈ గొట్టాల్లోనే ఉంటుంది. 220 మెగావాట్ల రియాక్టర్‌కు ఇవి 306. గోడ మందం 4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. లోపల 300 డిగ్రీలకు చేరువైన వేడి నీరు అధిక పీడనంతో ఏళ్ల తరబడి పారుతుంది. ఆ నీటితో గొట్టంలోని జిర్కోనియం లోహం చర్య జరిపినప్పుడు పుట్టే డ్యుటీరియంలో కొంత లోహంలోకే ఇంకి, హైడ్రైడ్ అనే పెళుసు పదార్థంగా పేరుకుంటుంది. న్యూట్రాన్ల తాకిడికి గొట్టం మెల్లగా సాగి, నడుమ కుంగి, చుట్టూ ఉన్న చల్లని గొట్టాన్ని తాకితే, ఆ చోటనే హైడ్రైడ్ పొక్కులు లేచి పగుళ్లకు దారితీస్తాయి. కొత్త గొట్టం కుదుపుకు కాస్త వంగి నిలదొక్కుకుంటుంది, పెళుసుబారినది అప్పడంలా విరగవచ్చు. కెనడాలోని పికరింగ్‌లో 1983 ఆగస్టులో ఏ భూకంపమూ లేకుండానే అలాంటి గొట్టం ఒకటి చీలింది.

అందుకే డ్యుటీరియంను తక్కువగా పీల్చే జిర్కోనియం-నియోబియం మిశ్రమ లోహం వాడుకలోకి వచ్చింది. కొన్ని పాత రియాక్టర్లలో గొట్టాలన్నింటినీ మార్చారు. 2004 డిసెంబర్ 26న సునామీ కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రాన్ని తాకినప్పుడు మొదటి యూనిట్ ఈ మార్పిడి కోసమే ఆగి ఉండగా, నడుస్తున్న రెండో యూనిట్‌ను క్షేమంగా ఆపగలిగారు.