పిల్లల పళ్లెంలో కూరగాయలు

కొత్త కూరను పిల్లలు మొదట్లో వద్దనడం సహజం. అలవాటైతేనే ఇష్టం పుడుతుంది. అందుకే బలవంతపెట్టకుండా, ఒకే కూరను కొద్దికొద్దిగా 8 నుంచి 15 సార్లు రుచి చూపించాలని పోషకాహార నిపుణులు చెబుతారు.

ఒకప్పటి వరంగల్, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రం వంటి చోట్ల ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనం ఇందుకు చక్కని అవకాశం. నిబంధనల ప్రకారం రోజూ ఒక్కో విద్యార్థికి ప్రాథమిక తరగతుల్లో 50 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల్లో 75 గ్రాముల కూరగాయలు అందాలి. తోటివాళ్లు తింటుంటే మొండికేసిన పిల్లలూ ముద్ద కలుపుతారు.

ఇంట్లో పాలకూరను పప్పులో మెత్తగా ఉడికించి, ఎల్లిగడ్డ పోపు పెడితే పచ్చివాసన పోతుంది. సర్వపిండిలో సొరకాయ తురుము కలిపితే పిల్లలు ఇష్టంగా తింటారు. అన్నిటికన్నా ముందు, పెద్దలు అదే కూరను పిల్లల పక్కన కూర్చుని తినాలి.