లెక్కలోకి రాని మనిషి

తెలుగువారి పరిచయాల్లో పేరు, ఊరు అయ్యాక వచ్చే ప్రశ్న "ఏం చేస్తుంటారు?". వెనకాలే జీతం, సొంతిల్లు, పిల్లల ఉద్యోగాలు వస్తాయి. అడిగేవారిలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. ఎదుటి మనిషికి ఎంత మర్యాద ఇవ్వాలో తేల్చుకోవడానికి అడుగుతారు, ఇబ్బందంతా అక్కడే. ఉద్యోగం రాని కుర్రాడు, మంచాన పడ్డ తల్లి కోసం కొలువు మానుకున్న కొడుకు ఈ ప్రశ్నకు భయపడి పెళ్లిళ్లకు వెళ్లడమే మానేస్తారు. తెల్లవారకముందే లేచి ఇంటిని నడిపే ఇల్లాలు "ఏం లేదండీ, ఇంట్లోనే ఖాళీగా" అని తానే చెప్పేస్తుంది.

ఆమె చేత ఆ మాట అనిపించే చూపు దేశం లెక్కల్లోనూ ఉంది. జనాభా లెక్కల నిర్వచనం ప్రకారం కేవలం ఇంటి వాడకానికే సాగు చేసినా, పాడి చేసినా ఆ మనిషి 'పనివారు'. అదే మనిషి ఆ పాలు కాచి, తోడేసి, ఇంటిల్లిపాదికీ వడ్డిస్తే అది పని కిందకు రాదు. జాతీయాదాయానికీ ఇదే నియమం. ఇంట్లో తినడానికి పండించిన ధాన్యం విలువ అందులో చేరుతుంది, దాన్ని వండిన శ్రమ చేరదు. జీతానికి కుదిరిన వంటమనిషి శ్రమ మాత్రం చేరుతుంది. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆమెను పెళ్లి చేసుకుంటే, ఆమె పని ఏమీ తగ్గకపోయినా జాతీయాదాయం తగ్గిపోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ వందేళ్ల కిందటే చూపించాడు. అమ్మకానికి రాని పనికి వెల కట్టడం కష్టమన్న గణాంక నిపుణుల వాదనలో నిజముంది. అయితే గడియారంతో కొలవడానికి ఆ కష్టం లేదు. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన సర్వేలో ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నట్టు తేలింది. పిల్లల, పెద్దల సంరక్షణకు పట్టే సమయం ఇందులో లేదు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88.

వెల కట్టక తప్పని చోటు న్యాయస్థానం. ప్రమాదంలో గృహిణి చనిపోతే కుటుంబానికి పరిహారం ఎంత అన్న ప్రశ్న వస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేర్చిన పట్టిక సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా లెక్కించమంది. జనాభా లెక్కలు గృహిణులను యాచకులు, ఖైదీలతో కలిపి ఆర్థికంగా పని చేయనివారిలో చేర్చడాన్ని 2010లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. 2021లో తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ఒక ప్రమాద కేసులో విడిగా తీర్పు రాశారు. ఇంటి పనే తమ ప్రధాన వృత్తి అని 2011 జనాభా లెక్కల్లో చెప్పినవారిలో స్త్రీలు దాదాపు 16 కోట్లు, పురుషులు 58 లక్షలని చూపి, గృహిణికి ఊహాత్మక ఆదాయం నిర్ణయించడమంటే ఆమె శ్రమను గుర్తించడమేనని అందులో చెప్పారు.

ఈ తీర్పులు ఎంతో మేలు చేశాయి. కానీ అవి కొలిచేది పనిని, మనిషిని కాదు. 1989లో జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, 2001లో సుప్రీంకోర్టు 34 నుంచి 59 ఏళ్ల గృహిణుల సేవలకు ఏడాదికి 36,000 రూపాయలు, 62 నుంచి 72 ఏళ్ల వారికి 20,000 రూపాయలు విలువ కట్టింది. కోల్పోయిన సేవను లెక్కించడమే పరిహారం పని కాబట్టి వయసుతో అంకె తగ్గింది. ఆ దారినే ముందుకు పోతే, కదల్లేని వృద్ధురాలి దగ్గర అంకె సున్నా అవుతుంది. ఆమె విలువకు ఆధారం వేరేచోట ఉండాలి.

ఆ ఆధారం రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంలో ఉంది. ఢిల్లీలో నిర్బంధంలో ఉన్న ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ అనే బ్రిటిష్ మహిళ తన చిన్న కూతురిని, లాయరును కలవడానికి తగిన వీలు కావాలని కోరింది. జీవించే హక్కంటే మానవ గౌరవంతో జీవించే హక్కని 1981లో జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ కేసులో తీర్పు చెప్పారు. ఆమె అప్పుడు ఏ ఉద్యోగమూ చేయడం లేదు, ఈ దేశ పౌరురాలు కూడా కాదు. తీర్పు ఆమెకు అనుకూలంగానే వచ్చింది.