పెరుగు తోడులాగే బ్రెడ్ తోడు: పంచితేనే మిగులుతుంది

ఈ రోజు మన ఎపిసోడ్ పండ్ల బ్రెడ్ మీద. పక్కింటి నుంచి తెచ్చుకున్న పిండితో చేసే తియ్యటి బ్రెడ్ ఇది.

మా మడకశిరలో ఇంట్లో పెరుగు అయిపోతే ఏం చేస్తాం? గిన్నె పట్టుకుని పోయి, "అక్కా, రవ్వంత తోడు ఇయ్యక్కా" అంటాం. ఇంకోరోజు ఆమెకు పెరుగు లేకపోతే మన ఇంటికే వస్తుంది. బ్రెడ్‌కీ ఇట్లాంటి తోడు ఉంది. స్టార్టర్ అంటారు. జర్మనీలో దానికి హెర్మన్ అని మనిషి పేరే పెట్టారు. అమెరికాలో ఫ్రెండ్‌షిప్ బ్రెడ్ అంటారు.

మరి పెరుగు వేస్తే బ్రెడ్ పొంగదా? పొంగదు. పెరుగు తోడులో ఉండే బ్యాక్టీరియా పాలను పులియబెడుతుంది, అంతే. బ్రెడ్ తోడులో ఈస్ట్ కూడా ఉంటుంది. అది చక్కెర తిని గ్యాస్ వదులుతుంది, ఆ బుడగలే పిండిని పొంగిస్తాయి.

మొదలు ఇట్లా: పావు కప్పు గోరువెచ్చని నీళ్లలో 2 టీస్పూన్ల డ్రై ఈస్ట్ వేసి 10 నిమిషాలు ఉంచండి. మైదా, చక్కెర, గోరువెచ్చని పాలు ఒక్కో కప్పు కలపండి. పెద్ద గాజు గిన్నెలో పోసి, మూత వదులుగా పెట్టండి. బిగించొద్దు, గ్యాస్ బయటికి పోవాలి. 2 నుంచి 5వ రోజు వరకు రోజుకోసారి కలపండి. 6వ రోజు మళ్లీ ఆ మూడూ ఒక్కో కప్పు వేయండి. 7, 8, 9 రోజులు కలపండి. 10వ రోజు ఇంకోసారి వేసి కలిపి, మూడు కప్పులు మూడిళ్లకు ఇవ్వండి. ఒక కప్పు తోడుగా దాచుకోండి. మిగిలినదాంతో బ్రెడ్.

ఒక కప్పు తోడుకు ఒక కప్పు మైదా, అర కప్పు చక్కెర, అర కప్పు నూనె, రెండు గుడ్లు, పావు కప్పు పాలు, టీస్పూను బేకింగ్ పౌడర్, పావు టీస్పూను సోడా. చివర్లో అర కప్పు ఎండుద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ. టూటీ ఫ్రూటీ అంటే ఏమనుకున్నారు? పచ్చి బొప్పాయి ముక్కలే!

ఓవెన్ లేదా? పర్లేదు. కుక్కర్‌లో ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి 10 నిమిషాలు వేడి చేయండి. నూనె రాసిన గిన్నెలో పిండి పోసి, లోపల పెట్టి, సన్న మంట మీద 45 నుంచి 50 నిమిషాలు. చాకు గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

ఇప్పుడు అసలు సమస్య, మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో రాగి అంబలి రాత్రికి రాత్రే పులుస్తుంది కదా, బయట పెడితే ఈ తోడూ అంతే, తొందరగా చెడుతుంది. ఎండాకాలంలో పాలకు బదులు నీళ్లు వాడి, గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. పుల్లటి వాసన, కొంచెం కల్లు వాసన వస్తే భయం లేదు. గులాబీ, నారింజ రంగు చారలు, బూజు, కుళ్లు వాసన ఉంటే మాత్రం పైపైన తీసేయడం కాదు, మొత్తం పారబోయండి.

పారబోశాక ఏం చేయాలి? అందుకే మూడిళ్లకు ఇచ్చాం! మీది చచ్చినా అక్కడ ఒకటి బతికే ఉంటుంది, ఒక కప్పు అడిగి తెచ్చుకోండి. అమెరికాలో కార్ల్ గ్రిఫిత్ అనే ఆయన, 1847 నుంచి తమ ఇంట్లో వస్తోందని చెప్పే తోడును అడిగినవాళ్లకు ఉచితంగా పోస్టులో పంపేవాడు. ఆయన 2000లో పోయాడు. తర్వాత ఆయన స్నేహితులు పంపడం కొనసాగించారు, తోడు బతికే ఉంది.

ఒక్క జాగ్రత్త. ఒకటి నాలుగవుతుంది, నాలుగు పదహారు, నెల తిరిగేసరికి 64 గిన్నెలు! వద్దన్నవాళ్లకు బలవంతంగా అంటగట్టకండి. మిగిలింది బెల్లం పొంగణాల పిండిలో కలిపేయండి.

మీ తోడు మొదట ఎవరింటికి పోతుందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.