బొగ్గుగనుల ప్రాంతంలో పెరటి కోళ్ల రక్షణ : పరభక్షుల ఆనవాళ్లు, గూటి నిర్మాణం

సారాంశం

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలోని కార్మికవాడలలోనూ, గనులను ఆనుకుని ఉన్న పల్లెలలోనూ పెరటి కోళ్లకు గద్ద, ముంగిస, అడవిపిల్లి, కుక్క, పాము, పందికొక్కు వంటి జీవుల వలన ముప్పు ఉంటుంది. ఏ జీవి దాడి చేసిందో ఆనవాళ్లను బట్టి గుర్తించే పద్ధతిని, స్థానిక వాతావరణానికి తగిన గూటి నిర్మాణాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పరభక్షులను చంపడం కంటే గూటిని పటిష్ఠం చేయడమే ఫలవంతమైన మార్గమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు : పెరటి కోళ్లు, పరభక్షులు, సింగరేణి, గోదావరిఖని, వనరాజ, కోళ్ల గూడు, వన్యప్రాణి చట్టం.

1. ఉపోద్ఘాతం

1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీతో మొదలైన బొగ్గు తవ్వకం, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు పొంది, గోదావరి లోయ పొడవునా విస్తరించింది. గోదావరిఖని అన్న ఊరి పేరులోనే నది, గని రెండూ ఉన్నాయి. గని పనికి వచ్చిన కుటుంబాలు తమతోపాటు పల్లె జీవితపు అలవాట్లను కూడా తెచ్చుకున్నాయి. పెరట్లో నాలుగు కోళ్లను పెంచుకోవడం వాటిలో ఒకటి.

పెరటి కోడి గతకాలపు అవశేషం కాదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31.70 కోట్లు. 2012తో పోలిస్తే ఈ సంఖ్య 45.8 శాతం పెరిగింది. అదే కాలంలో మొత్తం కోళ్ల సంఖ్యలో పెరుగుదల 16.8 శాతం మాత్రమే.

నష్టాన్ని లెక్కించేటప్పుడు ఒక అంశాన్ని గమనించాలి. నాటు పెట్ట 21 రోజులు పొదుగుతుంది. ఆ తరువాత కొన్ని వారాలు పిల్లలను వెంట తిప్పుకుంటుంది. ఈ కాలమంతా గుడ్లు పెట్టదు. కాబట్టి గద్ద పిల్లలను తన్నుకుపోతే పోయేది పిల్లల ఖరీదు మాత్రమే కాదు, పెట్ట వదులుకున్న ఆ కాలపు గుడ్లు కూడా. కోళ్ల మీద వచ్చే కొద్దిపాటి సొమ్ము సాధారణంగా ఇంటి స్త్రీల చేతిలో ఉంటుంది గనుక ఆ నష్టం కూడా ముందుగా వారిదే.

2. పరిసరాల స్వభావం

ఓపెన్‌కాస్ట్ గనులలో బొగ్గు పొర మీది మట్టిని, రాతిని తొలగించి కుప్పలుగా పోస్తారు. కాలక్రమంలో ఈ మట్టిగుట్టల మీద సర్కారు తుమ్మ వంటి పొదలు పెరుగుతాయి. రాళ్ల సందులు, పొదలు ముంగిసకు, అడవిపిల్లికి, పాములకు తగిన ఆశ్రయాలు. మరోవైపు నివాస ప్రాంతపు చెత్త వీధికుక్కలను, నల్లగద్దలను, కాకులను, పందికొక్కులను ఆకర్షిస్తుంది. గనిని ఆనుకుని ఉన్న ఇంటి పెరడు ఈ రెండు వలయాలూ కలిసే చోటు. అడవిని ఆనుకున్న పల్లెలోని ముప్పు, పట్టణంలోని ముప్పు అక్కడ ఒకేసారి ఎదురవుతాయి.

3. ఆనవాళ్ల ఆధారంగా గుర్తింపు

రక్షణోపాయాన్ని ఎంచుకునే ముందు దాడి చేసినదేదో తెలియాలి. పగటిపూట పిల్ల ఒక్కటే మాయమై నెత్తురు జాడ లేకపోతే గద్దనో, డేగనో అనుమానించాలి. జెముడుకాకి, కాకి కూడా గుడ్లను, చిన్న పిల్లలను ఎత్తుకుపోతాయి. కోళ్ల మెడ, తల భాగంలో కాట్లు ఉండి, శరీరం చాలావరకు మిగిలితే అది ముంగిస పని కావచ్చు. ఎదిగిన కోడి రాత్రివేళ మాయమై, ఈకల వరుస పొదల వైపు సాగితే అడవిపిల్లి వచ్చినట్లు భావించవచ్చు. అనేక కోళ్లు చచ్చి, తినకుండా చెల్లాచెదురుగా పడి ఉంటే కుక్కలు కారణం. పెంకు ముక్కయినా మిగలకుండా గుడ్లు పోతే పామును, గూటి పక్కన కొత్త బొరియలు కనిపిస్తే పందికొక్కును అనుమానించాలి.

ఏ ఒక్క ఆనవాలూ సంపూర్ణ నిర్ధారణ కాదు. కొక్కెర తెగులుతో చచ్చిన కోడిని కుక్క ఈడ్చుకుపోతే నింద కుక్క మీద పడుతుంది. అందువల్ల మొదటి వారంలో లసోటా, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకాలు వేయించడం కూడా రక్షణలో భాగమే. జబ్బుపడి మందగించిన కోడే వేటకు సులభంగా చిక్కుతుంది.

4. తల్లికోడి, మెరుగుపరచిన జాతులు

కోళ్లు ఆకాశం నుండి వచ్చే ముప్పుకు ఒక విధంగా, నేల మీది ముప్పుకు మరో విధంగా అరుస్తాయని జంతు ప్రవర్తనా శాస్త్రజ్ఞులు గుర్తించారు. తల్లి మొదటి రకం అరుపు విన్న పిల్లలు చాటుకు చేరి కదలకుండా ఉంటాయి. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ పెరటి పెంపకానికి ఉద్దేశించినది. దాని రంగురంగుల ఈకలు పరిసరాలలో కలిసిపోవడానికి, పొడవైన కాళ్లు పరుగెత్తి తప్పించుకోవడానికి తోడ్పడతాయి. అయితే ఈ జాతి పిల్లలు తల్లి లేకుండా ఇంటికి చేరతాయి. తల్లి అరుపు, తల్లి రెక్క రెండూ లేని ఈ పిల్లలను దాదాపు ఆరు వారాలు జాలీ లోపల పెంచి, ఆ తరువాతే బయటకు వదలాలి. నాటు పిల్లలకైతే తొలి వారాలలో గంప కింద కమ్మే పాత పద్ధతి ఇప్పటికీ ఉపయోగపడుతుంది.

5. గూటి నిర్మాణం : రెండు అవసరాల సమన్వయం

రామగుండంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ముంగిసకు భయపడి నాలుగు వైపులా రేకుతో మూసిన గూడు వేసవిలో కోళ్లను ఉడికించి చంపుతుంది. గాలి కోసం సందులు వదిలితే ముంగిస దూరుతుంది. ఈ చిక్కుకు పరిష్కారం వెల్డెడ్ జాలీ. అరంగుళం కన్నులున్న జాలీ గాలిని రానిచ్చి, ముంగిసను, పందికొక్కును, ఎదిగిన పాములను ఆపుతుంది. పలుచని షట్కోణపు కోళ్ల వల కోడిని లోపల ఉంచగలదు గాని కుక్క పళ్లను ఆపలేదు.

గూటిని నేల నుండి రెండు మూడు అడుగుల ఎత్తున నిలపాలి. స్తంభాలకు నున్నని రేకు చుట్టాలి. నేల మీదనే ఉండే గూడైతే జాలీని అడుగు లోతు వరకు పాతాలి. కప్పుకు తాటాకు మేలు. తలుపుకు కొండీతోపాటు చీల కూడా ఉండాలి. సంధ్యవేళ కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి. తలుపు మూసే బాధ్యత మాత్రం మనిషిది. మూడు షిఫ్టుల పని నడిచే ఇంట్లో ఆ బాధ్యత ఒకరికి స్థిరంగా అప్పగించకపోతే ఎంత గట్టి గూడైనా నిష్ఫలం. మిగిలిన దాణాను రాత్రికి ముందే తీసివేస్తే పందికొక్కులు, వాటి వెంట పాములు రావడం తగ్గుతుంది.

6. చంపడం పరిష్కారమా?

ముంగిస, అడవిపిల్లి, నాగుపాము, జెర్రిపోతు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన జీవులు. వాటిని చంపడం నేరం. విషపు ఎర పెంపుడు కుక్కనూ చంపుతుంది. కంచెకు కరెంటు పెడితే మనిషి ప్రాణమే పోవచ్చు. చట్టాన్ని పక్కన పెట్టి చూసినా ఫలితం ప్రతికూలమే. ముంగిస, జెర్రిపోతు ఎలుకలను, పందికొక్కులను తింటాయి. అవి లేని పెరట్లో దాణాను, గుడ్లను, పిల్లలను కాజేసే పందికొక్కులు పెరుగుతాయి. పైగా ఖాళీ అయిన తావులోకి మట్టిగుట్ట పొదల నుండి మరో ముంగిస వస్తుంది. గూటి సందు అలాగే ఉన్నంతకాలం దాడి ఆగదు.

7. ముగింపు

పెరటి కోళ్ల రక్షణలో కీలకమైనవి రెండు కాలాలు: పిల్లల తొలి ఆరు వారాలు, ప్రతి దినపు రాత్రి. మొదటిదానికి జాలీ లేదా గంప, రెండవదానికి వేళకు మూసే తలుపు అవసరం. ఆనవాళ్లను చదవడం, టీకాలు వేయించడం, దాణా మిగలనీయకపోవడం వీటికి తోడ్పడతాయి. గనులు విస్తరించే కొద్దీ మనుషుల నివాసం, వన్యజీవుల ఆశ్రయం మరింత చేరువవుతాయి గనుక పెరటి కోళ్ల పథకాలు పిల్లల పంపిణీతో ఆగకుండా, పంపిణీకి ముందే గూటి నిర్మాణానికి సాయం అందించవలసి ఉంది.