ఎల్‌ఎస్‌డీ తోబుట్టువు, తలనొప్పి మందు

రై ధాన్యపు కంకులకు ఎర్గాట్ అనే బూజు పడుతుంది. మన జొన్న, సజ్జ కంకులకు వచ్చే బంకకారు తెగులు దానికి దాయాదే. మధ్యయుగపు ఐరోపాలో ఆ బూజు కలిసిన రొట్టె తిన్నవారికి రక్తనాళాలు బిగుసుకుపోయి, కాళ్లూ చేతులూ కుళ్లి ఊడిపోయేవి.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సాండోజ్ కంపెనీ ఆ విషంలోనే మందులు వెతికింది. 1918లో ఆర్థర్ స్టోల్ దాన్నుంచి ఎర్గోటమిన్‌ను వేరుచేశాడు. పార్శ్వపు తలనొప్పి వచ్చినప్పుడు ఆపడానికి అది పనికొచ్చింది. 1938లో అదే కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్, ఎర్గాట్ మందులన్నిటికీ మూలమైన లైసర్జిక్ ఆమ్లంతో ఎల్‌ఎస్‌డీ తయారుచేశాడు. 1943లో అందులో పావు మిల్లీగ్రాము తానే మింగి, అది మనసును ఎంత తలకిందులు చేస్తుందో తెలుసుకున్నాడు.

ఎల్‌ఎస్‌డీకి ఇంకో గుణం ఉంది: శరీరంలో సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం కండరాల మీద చేసే పనిని అది అడ్డుకుంటుంది. భ్రమలు కలిగించకుండా ఈ పని చేసే మందు కోసం రసాయన శాస్త్రవేత్తలు ప్రయత్నించారు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి నేటికీ వాడే మెథర్జిన్ అణువుకు ఒక మిథైల్ సమూహం తగిలించారు. అలా పుట్టిందే మెథిసెర్జైడ్. 1959లో ఫ్లోరెన్స్ వైద్యుడు ఫెడెరిగో సికుతేరి దీన్ని రోజూ వేసుకుంటే పార్శ్వపు నొప్పి రాకుండానే ఆపవచ్చని ప్రకటించాడు. 1962లో అమెరికాలో శాన్సెర్ట్ పేరుతో ఇది మార్కెట్లోకి వచ్చింది. మామూలు మోతాదులో ఎల్‌ఎస్‌డీ మత్తు రాదు, నొప్పి మాత్రం చాలామందికి తగ్గింది.

అయితే ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి కడుపు వెనుక భాగంలో నారలాంటి కణజాలం పేరుకుని మూత్రనాళాలను నొక్కేసింది. ఊపిరితిత్తుల చుట్టూ, గుండె కవాటాల మీద కూడా అది కనిపించింది. బోస్టన్ వైద్యుడు జాన్ గ్రాహమ్ 1960లలో ఈ కేసులను వెలుగులోకి తెచ్చాడు. అప్పటినుంచి ఆరు నెలలు వాడాక మూడు నాలుగు వారాలు ఆపాలనే నియమం వచ్చింది. శరీరంలోకి వెళ్లిన మెథిసెర్జైడ్ చాలావరకు తగిలించిన మిథైల్‌ను వదిలేసి మళ్లీ మెథర్జిన్‌గా మారుతుంది. కవాటాల కణాలను పెరగమని రెచ్చగొట్టే సెరటోనిన్ గ్రాహకాన్ని (కణం మీద ఆ సంకేతాన్ని అందుకునే అణువును) ఆ మెథర్జినే తట్టిలేపుతుందని తర్వాత తేలింది.

లోపమున్న ఈ మందే కొత్త మందుకు దారీ చూపించింది. సెరటోనిన్‌ను అడ్డుకుంటుందనుకున్న మెథిసెర్జైడ్, కొన్ని రక్తనాళాలను సెరటోనిన్‌లాగే బిగించడం గ్లాక్సో మందుల కంపెనీలోని పాట్రిక్ హంఫ్రీ బృందం గమనించింది. ఆ నాళాల్లోని గ్రాహకం మీదే పనిచేసే అణువు కోసం వెతికి సుమట్రిప్టాన్‌ను సాధించింది. అది 1991లో మార్కెట్లోకి వచ్చింది. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర కాబట్టి రోజువారీ నివారణ బాధ్యత దానిది కాదు. ఆ పని ఇతర మందులకు దక్కింది. మెథిసెర్జైడ్ 2000ల తొలినాళ్లలో అమెరికా మార్కెట్ నుంచి తప్పుకుంది. 2014లో ఐరోపా ఔషధ సంస్థ దాని వాడకాన్ని, మరే మందుకూ లొంగని తీవ్రమైన తలనొప్పులకు, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే అని కుదించింది.