యాజమాన్యం చేతులు మారినప్పుడు: ట్విట్టర్ స్వాధీన ఉదంతం

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

• లిస్టెడ్ కంపెనీని ఒక వ్యక్తి స్వాధీనం చేసుకునే క్రమాన్ని వివరించగలుగుతారు.
• కొనుగోలు కోసం తెచ్చిన అప్పు కొన్న కంపెనీ మీదనే ఎలా పడుతుందో చెప్పగలుగుతారు.
• వాటాలతో పాటు కొనుగోలుదారుకు దక్కేవేవో, దక్కనివేవో గుర్తించగలుగుతారు.
• అడ్డు చెప్పే వ్యవస్థ లేని నిర్వహణలోని లాభనష్టాలను చర్చించగలుగుతారు.

2. పరిచయం

బాగా నడుస్తున్న ఒక టిఫిన్ హోటల్‌ను ఎవరో కొన్నారనుకోండి. భవనం, పొయ్యిలు, గిన్నెలు, బల్లలు, పేరు రాసిన బోర్డు అన్నీ ఆయన సొంతమవుతాయి. అయితే ఇరవై ఏళ్లుగా పిండి పాళ్లు చూస్తున్న వంట మాస్టర్, రోజూ ఉదయం అక్కడికే వచ్చే ఖాతాదారులు, నెలాఖరుకు డబ్బు తీసుకునే పాలవాడు కొనుగోలు పత్రంలో ఉండరు. వారు ఇష్టముంటే ఉంటారు, లేకపోతే వెళ్లిపోతారు. హోటల్ విలువలో ఎక్కువ భాగం మాత్రం వారి దగ్గరే ఉంటుంది.

వాణిజ్యశాస్త్రంలో గుడ్‌విల్ అని మనం చదువుకున్నది ఇదే. ప్రపంచంలోకెల్లా అత్యంత ధనవంతులలో ఒకరైన ఇలాన్ మస్క్ 2022లో ట్విట్టర్ కంపెనీని కొన్న ఉదంతం ఈ సూత్రాన్ని చాలా స్పష్టంగా చూపుతుంది. ఈ పాఠంలో ఆ ఉదంతాన్ని మూడు దశలుగా పరిశీలిద్దాం: ఒప్పందం, అప్పు, నిర్వహణ.

3. కొనుగోలుకు ముందు ట్విట్టర్

ట్విట్టర్ 2006లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రారంభమైంది. 2013 నవంబర్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో 26 డాలర్ల ధరకు వాటాలు జారీ చేసి లిస్టెడ్ కంపెనీ అయింది. రాజకీయ నాయకులు, పత్రికా విలేఖరులు, ప్రభుత్వ శాఖలు, క్రీడాకారులు దానిని వాడేవారు. అందువల్ల దాని ప్రభావం దాని ఆదాయం కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపించేది.

ఆదాయం విషయానికి వస్తే, 2021లో కంపెనీ రాబడి సుమారు 508 కోట్ల డాలర్లు. ఇందులో దాదాపు 90 శాతం ప్రకటనల నుంచే వచ్చింది. ఈ ఒక్క అంకెను మీరు గుర్తుంచుకోవాలి. అప్పట్లో ట్విట్టర్‌ను వాడేవారిలో అత్యధికులు దానికి డబ్బు చెల్లించేవారు కాదు. వాడేవారి ముందు తమ సరుకును చూపించుకోవాలనుకునే కంపెనీలు చెల్లించేవి. 2021లో కంపెనీ నష్టాల్లోనే ముగిసింది. అంటే మస్క్ కొనే నాటికి అది కష్టాలు లేని సంస్థ ఏమీ కాదు.

4. ఒప్పందం: ఆఫర్ నుంచి కోర్టు దాకా

2022 జనవరి నుంచి మస్క్ బహిరంగ మార్కెట్లో ట్విట్టర్ వాటాలు కొనసాగారు. ఏప్రిల్ 4న తనకు 9 శాతానికి పైగా వాటా ఉందని వెల్లడించారు. అమెరికా చట్టం ప్రకారం 5 శాతం దాటిన వాటాను గడువులోగా ప్రకటించాలి. ఆ గడువు దాటిందని, ఈలోగా తక్కువ ధరకే మరిన్ని వాటాలు కొన్నారని ఆరోపిస్తూ ఆ దేశపు సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ 2025 జనవరిలో ఆయనపై దావా వేసింది.

మొదట మస్క్‌ను డైరెక్టర్ల బోర్డులోకి ఆహ్వానించారు. ఆయన ముందు అంగీకరించి, కొద్ది రోజులకే నిరాకరించారు. ఏప్రిల్ 14న వాటాకు 54.20 డాలర్ల చొప్పున కంపెనీ మొత్తాన్ని కొంటానని ఆఫర్ ఇచ్చారు. ఏప్రిల్ 1 నాటి మార్కెట్ ధర కంటే ఇది 38 శాతం ఎక్కువ. బోర్డు మరునాడే ఒక రక్షణ ఏర్పాటు చేసుకుంది. బోర్డు ఆమోదం లేకుండా ఎవరైనా 15 శాతం వాటాకు చేరుకుంటే మిగతా వాటాదారులు తగ్గింపు ధరకు కొత్త వాటాలు కొనుక్కోవచ్చు. అయితే మంచి ధర ముందుండగా కాదనడం బోర్డుకు కష్టమైంది. ఏప్రిల్ 25న సుమారు 4,400 కోట్ల డాలర్ల విలువకు ఒప్పందం కుదిరింది.

ఇక్కడే మొదటి పెద్ద పొరపాటు జరిగింది. కంపెనీని కొనేవారు సాధారణంగా ముందు దాని ఖాతాలు, కేసులు, బాకీలు, వినియోగదారుల లెక్కలు తరచి చూస్తారు. మస్క్ ఈ పూర్వ పరిశీలన హక్కును వదులుకుని సంతకం చేశారు. ఆ తరవాత మే 13న, నకిలీ ఖాతాలు 5 శాతం లోపేనన్న కంపెనీ లెక్కపై వివరాలు కావాలంటూ ఒప్పందాన్ని తాత్కాలికంగా ఆపినట్లు ప్రకటించారు. ఈ మధ్యకాలంలో టెక్నాలజీ కంపెనీల వాటాల ధరలు పడిపోయాయి. జూలైలో ట్విట్టర్ వాటా ఒక దశలో 33 డాలర్ల దిగువకు చేరింది. జూలై 8న ఒప్పందం రద్దు చేసుకుంటున్నట్లు మస్క్ లేఖ పంపారు.

ఒప్పందంలో 100 కోట్ల డాలర్ల రద్దు రుసుము ప్రస్తావన ఉంది. ఆ సొమ్ము చెల్లిస్తే బయటపడవచ్చని చాలామంది అనుకున్నారు. కానీ కొనుగోలును పూర్తి చేయించాలని కోర్టును కోరే హక్కు కూడా అదే ఒప్పందంలో ట్విట్టర్‌కు ఉంది. జూలై 12న ట్విట్టర్ డెలావేర్ రాష్ట్రంలోని ఛాన్సరీ కోర్టులో దావా వేసింది. అక్టోబర్ 17న విచారణ మొదలు కావలసి ఉండగా, అక్టోబర్ 4న మస్క్ తొలుత చెప్పిన ధరకే కొంటానని ముందుకు వచ్చారు. కోర్టు అక్టోబర్ 28 వరకు గడువు ఇచ్చింది. అక్టోబర్ 27న కొనుగోలు పూర్తయింది.

కాబట్టి కంపెనీలోకి అడుగుపెట్టిన రోజునే కొత్త యజమాని ఎక్కువ ధర పెట్టి, కొంత అయిష్టంగా, లోపలి సంగతులు పూర్తిగా తెలియకుండా వచ్చారని చెప్పవచ్చు. తరవాతి తొందరపాటుకు బీజం ఇక్కడే ఉంది.

5. అప్పు ఎవరి నెత్తిన?

ఈ కొనుగోలు సొమ్ములో సుమారు 1,300 కోట్ల డాలర్లు బ్యాంకుల అప్పు. దీనిని తీర్చవలసిన బాధ్యత మస్క్ మీద వ్యక్తిగతంగా పడలేదు, ట్విట్టర్ కంపెనీ మీద పడింది. దీనినే రుణాధారిత కొనుగోలు అంటారు. మన ఉదాహరణలో చెప్పాలంటే, హోటల్ కొనడానికి తెచ్చిన అప్పును హోటల్ పేరునే రాసి, రోజువారీ గల్లాలోంచి వడ్డీ కట్టినట్లు.

ఇలాంటి కొనుగోలు తప్పేమీ కాదు. స్థిరమైన నగదు రాబడి ఉన్న కంపెనీకి ఇది సరిపోతుంది. ట్విట్టర్ రాబడి అలాంటిది కాదు. కొత్త అప్పుతో వడ్డీ భారం ఏడాదికి 100 కోట్ల డాలర్లు దాటింది. అంటే 2021 నాటి మొత్తం రాబడిలో దాదాపు ఐదో వంతు వడ్డీకే పోతుంది. కంపెనీ రోజుకు 40 లక్షల డాలర్లకు పైగా నష్టపోతోందని 2022 నవంబర్‌లో మస్క్ స్వయంగా ప్రకటించారు. ఆ నష్టం వెనుక పాత బలహీనతలతో పాటు కొత్త అప్పు కూడా ఉందని విద్యార్థులు గమనించాలి.

6. ఉద్యోగులు: జీతాల పట్టీలో కనిపించని విలువ

కొనుగోలు పూర్తయిన రోజే ముఖ్య కార్యనిర్వహణాధికారి పరాగ్ అగర్వాల్‌ను, ఆర్థిక విభాగాధిపతిని, న్యాయ విధాన విభాగాధిపతి విజయ గద్దెను తొలగించారు. హైదరాబాద్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన విజయ గద్దె, ఏ పోస్టు ఉండాలి, ఏది తీసేయాలి అన్న కఠిన నిర్ణయాలలో ఏళ్ల తరబడి కీలక పాత్ర వహించారు.

నవంబర్ 4న సుమారు 7,500 మంది ఉద్యోగులలో దాదాపు సగం మందిని ఈమెయిల్ ద్వారా తొలగించారు. భారతదేశంలోని ఉద్యోగులలో అధిక భాగం కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఆ వెంటనే, పొరపాటున తీసేసిన కొందరిని తిరిగి రమ్మని అడిగినట్లు వార్తలు వచ్చాయి. నవంబర్ 16న మిగిలినవారికి మరో ఈమెయిల్ వెళ్లింది. ఎక్కువ గంటలు, అత్యంత కఠినంగా పనిచేయడానికి ఒప్పుకోవాలి, లేదా మూడు నెలల జీతం తీసుకుని వెళ్లిపోవాలి. నిర్ణయానికి మరునాటి సాయంత్రం వరకే గడువు. వందలాది మంది వెళ్లిపోవడానికే మొగ్గు చూపారు. 2023 ఏప్రిల్ నాటికి సిబ్బంది సుమారు 1,500 మందికి తగ్గారని మస్క్ బీబీసీకి చెప్పారు.

ఖర్చు తగ్గించడం అవసరమే కావచ్చు. ఎవరికి ఏ పని తెలుసో కనుక్కోకుండా తగ్గించడంలోనే ప్రమాదం ఉంది. పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థలో ఏ భాగం దేనిమీద ఆధారపడిందో పూర్తిగా కాగితం మీద ఉండదు, దానిని నడిపేవారి అనుభవంలో ఉంటుంది. 2023 మార్చి 6న ట్విట్టర్‌లో లింకులు, చిత్రాలు కొంతసేపు తెరుచుకోలేదు. లోపల చేసిన ఒక మార్పు ఊహించని ఫలితాలనిచ్చిందని కంపెనీయే వివరణ ఇచ్చుకుంది.

7. నీలి టిక్కు, ప్రకటనదారులు

ట్విట్టర్‌లో పేరు పక్కన ఉండే నీలి టిక్కుకు ఒక అర్థం ఉండేది. ఈ ఖాతా నిజంగా ఆ వ్యక్తిదే, ఆ సంస్థదే అని కంపెనీ నిర్ధారించిందని దాని భావం. 2022 నవంబర్ 9న నెలకు 8 డాలర్లు కట్టిన వారికి ఆ గుర్తు ఇవ్వడం ప్రారంభించారు, గుర్తింపు పరిశీలన లేకుండానే. మరునాడే ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఒక నకిలీ ఖాతా ఇన్సులిన్ ఇకపై ఉచితమని ప్రకటించింది. అసలు కంపెనీ క్షమాపణ చెప్పి, అది తమ ప్రకటన కాదని వివరించుకోవలసి వచ్చింది. రోజూ ఇన్సులిన్ కొనుక్కునే రోగికి అలాంటి వార్త ఎంతటి ఆశ, ఆ పైన ఎంతటి నిరాశ కలిగిస్తుందో ఊహించండి. రెండు రోజులలోనే ఆ పథకాన్ని నిలిపివేసి, మార్పులతో డిసెంబర్‌లో మళ్లీ తెచ్చారు.

ఇక్కడ లెక్క చూడండి. నెలకు 8 డాలర్ల చందా వసూలు చేయబోయి, రాబడిలో 90 శాతం తెచ్చే ప్రకటనదారులను భయపెట్టారు. తమ పేరుతో ఎవరైనా నకిలీ ఖాతా తెరవగల చోట, తమ ప్రకటన పక్కన ఏ విద్వేషపు పోస్టు వస్తుందో తెలియని చోట కంపెనీలు డబ్బు పెట్టడానికి జంకుతాయి. ప్రకటనల రాబడి సగానికి పడిపోయిందని, అప్పు భారం ఎక్కువగా ఉందని 2023 జూలైలో మస్క్ తానే తెలిపారు. అదే నెలలో, ప్రపంచమంతా ఎరిగిన ట్విట్టర్ అన్న పేరును, పిట్ట గుర్తును తీసేసి ఎక్స్ అని మార్చారు.

2023 నవంబర్‌లో మస్క్ యూదు వ్యతిరేక భావం ఉన్న ఒక పోస్టును సమర్థించారు. ఆపిల్, డిస్నీ, ఐబీఎం వంటి సంస్థలు ప్రకటనలు ఆపాయి. మస్క్ క్షమాపణ చెప్పినా, అదే వేదికపై, వెళ్లిపోయిన ప్రకటనదారులను బూతు మాటతో తూలనాడారు. 2024 ఆగస్టులో ఎక్స్ సంస్థ ప్రకటనదారుల సమాఖ్యపై కోర్టుకెక్కింది. కొనుగోలుదారు చేత కంపెనీని కొనిపించడం కోర్టుకు సాధ్యమే. కానీ ప్రకటనదారులకు నమ్మకం కలిగించే ఉత్తర్వు ఏ కోర్టూ ఇవ్వలేదు.

8. వద్దనేవారు లేని చోట

కొనుగోలు తరవాత పాత బోర్డు రద్దయి, మస్క్ ఏకైక డైరెక్టరు అయ్యారు. నిర్ణయాలు వేగంగా జరిగాయి, అంతే వేగంగా వెనక్కి పోయాయి. 2022 డిసెంబర్ 18న పోటీ సంస్థల ఖాతాల లింకులు పెట్టరాదన్న నిబంధన తెచ్చి, విమర్శలు రాగానే తొలగించారు. అదే రోజు తాను అధిపతిగా తప్పుకోవాలా అని వాడుకరులను అడిగితే 57.5 శాతం అవునన్నారు. 2023 జూన్‌లో లిండా యాకరినో ముఖ్య కార్యనిర్వహణాధికారిగా బాధ్యతలు చేపట్టినా, విధానాలపై చివరి మాట యజమానిదే అయింది. ఆమె 2025 జూలైలో పదవి వదులుకున్నారు.

బోర్డు అడ్డంకిగా కనిపిస్తుంది, నిజమే. అయితే తప్పు నిర్ణయం వీధిన పడకముందే గదిలో ఆగిపోవాలంటే ప్రశ్నించే నలుగురు ఆ గదిలో ఉండాలి.

9. మరో కోణం

ఏకపక్షంగా తీర్పు చెప్పడం విద్యార్థికి తగదు. సిబ్బంది ఐదో వంతుకు తగ్గినా వేదిక కూలిపోలేదు. చాలామంది నిపుణుల అంచనా ఈ విషయంలో తప్పింది. పోస్టుల కింద వాడుకరులే వివరణ చేర్చే పద్ధతి పాత యాజమాన్యంలో ప్రయోగంగా మొదలై, మస్క్ కాలంలో ప్రపంచమంతటికీ విస్తరించింది. బ్యాంకులు చాలాకాలం అమ్ముకోలేకపోయిన అప్పు పత్రాలలో పెద్ద భాగం 2025 ఆరంభంలో అమ్ముడుపోయింది. 2025 మార్చిలో మస్క్‌కే చెందిన ఎక్స్‌ఏఐ సంస్థ వాటాల మార్పిడి ద్వారా ఎక్స్‌ను కొన్నది. అప్పు పోను 3,300 కోట్ల డాలర్లు విలువ కట్టారు. అయితే కొన్నవారు, అమ్మినవారు ఒకరే అయినప్పుడు ఆ ధరను మార్కెట్ నిర్ణయించిన ధరగా భావించలేం.

10. సారాంశం

ట్విట్టర్ ఉదంతంలో వాటాలు, సాఫ్ట్‌వేర్, పేరు చట్టబద్ధంగా చేతులు మారాయి. ఉద్యోగుల అనుభవం, ప్రకటనదారుల భరోసా, వాడుకరుల నమ్మకం ఆ ఒప్పందంలో లేవు. ఎక్కువ ధర అప్పును పెంచింది, అప్పు తొందరను పెంచింది, తొందర ఈ మూడింటినీ దెబ్బతీసింది. ప్రశ్నించే బోర్డు లేకపోవడంతో పొరపాట్లు దిద్దుకునే అవకాశం బహిరంగంగా నష్టపోయిన తరవాతే వచ్చింది. సంస్థను కొనడం ఒక్క సంతకంతో అవుతుంది. దాని విలువను మాత్రం ప్రతిరోజూ సంపాదించుకోవాలి.

11. ముఖ్య పదాలు

పూర్వ పరిశీలన: కొనుగోలుకు ముందు కంపెనీ ఖాతాలను, బాధ్యతలను తనిఖీ చేయడం.
రుణాధారిత కొనుగోలు: కొనబోయే కంపెనీ మీదనే భారం పడేలా అప్పు తెచ్చి దానిని కొనడం.
గుడ్‌విల్: ఆస్తుల పట్టీకి మించి, పేరు వల్ల, సంబంధాల వల్ల సంస్థకు ఉన్న విలువ.

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ. ఈ ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. పూర్వ పరిశీలన హక్కును వదులుకోవడం వల్ల మస్క్ ఎదుర్కొన్న ఇబ్బంది ఏమిటి?
2. 2022 నవంబర్ నాటి నీలి టిక్కు పథకం ప్రకటనల రాబడిని ఎలా ప్రభావితం చేసింది?

ఆ. ఈ ప్రశ్నలకు ముప్పై వాక్యాలలో జవాబులు రాయండి.
1. రుణాధారిత కొనుగోలు ట్విట్టర్ నిర్వహణపై చూపిన ప్రభావాన్ని వివరించండి.
2. మీ ఊరిలో చేతులు మారిన ఒక దుకాణాన్నో హోటల్‌నో పరిశీలించి, కొత్త యజమానికి దక్కినవేవో, దక్కనివేవో ఈ పాఠం ఆధారంగా చర్చించండి.